సాంకేతిక సందేహాలు – సమాధానాలు: సర్వర్ మేల్కొనే క్రమం

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం సర్వర్లు స్టార్ట్ కావడం గురించే ఉన్నాయి. తుపానుల కాలంలో కరెంటు పోతూ వస్తూ ఉండే ప్రాంతం కనుక ఇది సహజమే. అందువల్ల ఈ సంచికలో ఆ ఒక్క విషయానికే చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల లాబ్‌లో ఒక ర్యాక్ సర్వర్ ఉంది. విద్యార్థుల కంప్యూటర్లు అర నిమిషంలో సిద్ధమైపోతుంటే, వాటన్నింటికన్నా ఎంతో శక్తిమంతమైన ఆ సర్వర్ మాత్రం అయిదారు నిమిషాలపాటు నల్లని తెరతో, ఫ్యాన్ల హోరుతో అలాగే ఉండిపోతుంది. ఇది లోపమా? అంతసేపూ లోపల ఏం జరుగుతుంది?
– లాబ్ ఇన్‌చార్జి, టెక్కలి

జవాబు: ఇది లోపం కాదు. మీరు చెప్పిన అయిదారు నిమిషాలలో చాలా భాగం ఆపరేటింగ్ సిస్టమ్ రంగంలోకి రాకముందే గడిచిపోతుంది.

మీరు పవర్ బటన్ నొక్కకముందే సర్వర్‌లో ఒక చిన్న కంప్యూటర్ మెలకువగా ఉంటుంది. మదర్‌బోర్డు మీద విడిగా అమర్చిన ఆ చిప్‌ను బీఎంసీ (బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్) అంటారు. డెల్ సర్వర్లలో ఐడ్రాక్ అన్నా, హెచ్‌పీఈ సర్వర్లలో ఐలో అన్నా ఈ ఏర్పాటే. పవర్ కేబుల్ ప్లగ్గులో ఉన్నంతసేపూ అది పనిచేస్తూనే ఉండి ఉష్ణోగ్రతలను, ఫ్యాన్లను, పవర్ సప్లైలను కనిపెట్టుకుని ఉంటుంది. కరెంటు పూర్తిగా పోయి వచ్చినప్పుడు ముందుగా లేవవలసింది ఇదే. ఇది లేచి ఫ్యాన్లను అదుపులోకి తీసుకునేంతవరకూ అవి పూర్తి వేగంతో తిరగడం చాలా సర్వర్లలో మామూలు విషయం.

బటన్ నొక్కిన తరువాత వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని పవర్ సప్లై సంకేతం ఇస్తేనే ప్రాసెసర్ పని మొదలవుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఎంత కొత్తదైనా, 1978 నాటి 8086 ప్రాసెసర్ పద్ధతిని అనుసరించి 16 బిట్ల స్థితిలోనే లేచి, 4 జీబీ చిరునామాల హద్దుకు సరిగ్గా 16 బైట్ల దిగువన ఉన్న చోటు నుంచి తన మొట్టమొదటి ఆదేశాన్ని చదువుకుంటుంది. అక్కడ ఉండేది మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో రాసి ఉన్న ఫర్మ్‌వేర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కన్నా ముందు నడిచే ప్రోగ్రాము. ఆ సమయానికి ర్యామ్ ఉన్నా లేనట్టే, ఎందుకంటే దానిని వాడుకోవడానికి ముందు మెమరీ కంట్రోలర్‌కు, ఒక్కొక్క మెమరీ మాడ్యూల్‌కు మధ్య సంకేతాలు ఏ క్షణాన చేరుతున్నాయో కొలిచి సరిచేసుకోవాలి. ఈ పనిని మెమరీ ట్రైనింగ్ అంటారు. అది పూర్తయ్యేదాకా ఫర్మ్‌వేర్ ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ అయిన కాష్‌నే తాత్కాలికంగా ర్యామ్‌లాగా వాడుకుంటుంది. విద్యార్థుల కంప్యూటర్లలో ఒకటో రెండో మాడ్యూళ్లు ఉంటాయి, సర్వర్‌లో 16, 24, ఒక్కోసారి 32 కూడా ఉంటాయి. ఆలస్యంలో పెద్ద వాటా ఇక్కడిదే. ర్యామ్ కొత్తగా చేర్చినప్పుడు మొదటిసారి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఆ తరువాత పలు డిస్కులను ఒకటిగా కలిపి నడిపే రెయిడ్ కంట్రోలర్ లేచి తన కింద ఉన్న డిస్కులన్నీ హాజరైనదీ లేనిదీ చూసుకోవడం, నెట్‌వర్క్ కార్డులు సిద్ధం కావడం ఒకదాని వెంట ఒకటిగా సాగుతాయి.

తెర నల్లగా ఉందని కంగారుపడి ఈ దశలో పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసేవారు చాలామంది ఉన్నారు. అలా చేస్తే జరిగిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. బీఎంసీకి విడిగా నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది కనుక దాని వెబ్ పేజీని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. సర్వర్ ఏ స్థితిలో ఉందో, ఏ మాడ్యూల్ మీదనైనా ఫిర్యాదు నమోదైందో అక్కడ కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి అప్పగింతల వరుస మొదలవుతుంది. ఫర్మ్‌వేర్‌కు మీ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి తెలిసింది చాలా స్వల్పం. బయోస్ అనే పాత ఫర్మ్‌వేర్ పద్ధతిలో అది డిస్కు మీది మొదటి 512 బైట్లను మాత్రమే చదివి నడిపేది. అందులోనూ 64 బైట్లు డిస్కు విభాగాల (పార్టిషన్ల) పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్రకు పోగా, ప్రోగ్రాముకు మిగిలేది 446 బైట్లే. ఇప్పటి సర్వర్లలో ఉండే యూఈఎఫ్ఐ ప్రమాణాన్ని 2005లో ఏర్పడిన ఒక ఫోరం నిర్వహిస్తున్నది. ఈ పద్ధతిలో ఫర్మ్‌వేర్ డిస్కులోని ఒక చిన్న ఫ్యాట్ పార్టిషన్‌ను తెరిచి, అందులోని బూట్‌లోడర్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను ర్యామ్‌లోకి ఎక్కించే ప్రోగ్రామును) మామూలు ఫైలును చదివినట్టే చదువుతుంది. సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఉంటే ఆ ఫైలుకు నమ్మదగిన డిజిటల్ సంతకం ఉన్నదీ లేనిదీ చూసిన తరువాతే నడపనిస్తుంది. లినక్స్ సర్వర్లలో ఆ బూట్‌లోడర్ పేరు చాలావరకు గ్రబ్.

గ్రబ్ రెండు ఫైళ్లను ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన, కుదించి ఉంచిన కెర్నెల్, రెండవది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్. ఈ రెండవది ఎందుకు అవసరమో తెలుసుకుంటే సగం చిక్కులు అర్థమవుతాయి. అసలు ఫైళ్లన్నీ రెయిడ్ కంట్రోలర్ వెనుక, డిస్కు స్థలాన్ని పంచే ఎల్‌వీఎం పొరల అడుగున ఉన్నాయి. వాటిని చేరుకోవడానికి కావలసిన డ్రైవర్లు కూడా అక్కడే ఉన్నాయి. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టుండే ఈ పరిస్థితిని తప్పించడానికే, ఆ డ్రైవర్లను ముందుగానే ఒక మూటగా కట్టి కెర్నెల్‌కు తోడుగా పంపుతారు. కెర్నెల్ తనను తాను విప్పుకుని, ఆ మూటలోని డ్రైవర్లతో అసలు రూట్ డిస్కును కనుగొని, దానిని మౌంట్ చేసి (అంటే వాడకానికి తెరిచి), తాత్కాలిక ఏర్పాటును వదిలేసి అసలు దానిలోకి మారుతుంది. అప్పటి నుంచి 1 అనే నంబరున్న మొదటి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) మిగతా పనిని చేపడుతుంది. ఇప్పటి లినక్స్ సర్వర్లలో ఎక్కువ వాటిలో ఆ ప్రాసెస్ సిస్టమ్‌డీ. 2010లో వెలువడిన ఈ ప్రోగ్రాము 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లోకి, 2015లో డెబియన్ 8లోకి వచ్చింది. డేటాబేస్, వెబ్ సర్వర్, లాగిన్, ఇలా మిగిలిన సేవలన్నింటినీ లేపే బాధ్యత దానిదే.

ఈ వరుసను మీ విద్యార్థులకు నేర్పవలసిన కారణం ఒకటుంది. ప్రతి దశా తరువాతి దశను వెతికి, దానికి పని అప్పగించి తప్పుకుంటుంది కనుక, సర్వర్ ఎక్కడ ఆగిపోయిందో తెలిస్తే ఎవరి చేతిలో ఆగిందో తెలిసిపోతుంది. తెర మీద ఏమీ రాకపోతే హార్డ్‌వేర్‌ను, బీఎంసీ లాగ్‌ను చూడాలి. బూట్ డివైస్ దొరకలేదని వస్తే ఫర్మ్‌వేర్ వరకు అంతా సవ్యంగా ఉన్నట్టే, డిస్కో రెయిడో బూట్ వరుసో చూసుకోవాలి. గ్రబ్ రెస్క్యూ అన్న పదాలు కనిపిస్తే బూట్‌లోడర్‌కు తన ఫైళ్లు అందలేదు. రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానంటూ కెర్నెల్ పానిక్ (కెర్నెల్ ఇక సాగలేక ఆగిపోవడం) వస్తే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను అనుమానించాలి. పచ్చరంగు ఓకేలతో సేవల పేర్లు వరుసగా దొర్లిన తరువాత ఆగితే అది సిస్టమ్‌డీ దశ, అంటే కెర్నెల్ దాకా ఏ దోషమూ లేదని అర్థం. ఈ వివేచన లేకుండా ఫార్మాట్ చేయమనే సలహాలు మన ఊళ్లలో ఎంత నష్టం కలిగిస్తున్నాయో కింది ఉత్తరం చెబుతుంది.

ప్రశ్న: మాది చిన్న ఆసుపత్రి. గాలివాన రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయింది. తెల్లవారి సర్వర్ ఆన్ చేస్తే ఒకటిన్నర నిమిషం ఏదో లెక్కపెట్టి, ‘యు ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్’ అని చూపించి ఆగిపోయింది. వచ్చి చూసిన టెక్నీషియన్ డిస్కు దెబ్బతిన్నదని, లినక్స్ మళ్లీ ఎక్కించక తప్పదని అన్నారు. రోగుల రికార్డులన్నీ అందులోనే ఉన్నాయి. తెర ఫొటో పంపుతున్నాను. మీ సలహా ఏమిటి?
– ఆసుపత్రి నిర్వాహకుడు, రాజాం

జవాబు: దయచేసి ఎక్కించనివ్వకండి. మీరు పంపిన ఫొటోను బట్టి మీ ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోలేదు, రికార్డులున్న డిస్కు మీద కూడా ఎటువంటి ఫిర్యాదూ కనిపించడం లేదు.

ఫొటోలో పై నుంచి నాలుగో వరుసలో జర్నల్ రికవరీ అన్న మాట ఉంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు సగంలో ఆగిన రాతలను ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు తమ జర్నల్‌ను (చేయబోయే రాతల చిట్టాను) చూసి సరిచేసుకుంటాయి. అది చెడుకు గుర్తు కాదు, రక్షణ సక్రమంగా పనిచేసిందనడానికి గుర్తు. దాని తరువాత మూడు వరుసలు ముఖ్యమైనవి. మొదట ఒక డిస్కు కోసం వేచి ఉన్నట్టు చెప్పి, గడువు ముగిసిందన్నది. తరువాత ‘డిపెండెన్సీ ఫెయిల్డ్ ఫర్ /బ్యాకప్’ అన్నది. ఆ వెంటనే లోకల్ ఫైల్ సిస్టమ్స్ కూడా విఫలమైనట్టు చెప్పింది. సర్వర్ వెతికినది బ్యాకప్ కోసం తగిలించే డిస్కును. అది యూఎస్‌బీ డిస్కు అయి, వాన భయంతో ఎవరో తీసి బీరువాలో పెట్టి ఉంటే, కథ అంతటితో తేలిపోయినట్టే.

మీరు గమనించిన ఒకటిన్నర నిమిషమే ఇందుకు సాక్ష్యం. ఏయే డిస్కును ఏయే చోట మౌంట్ చేయాలో ‘/ఈటీసీ/ఎఫ్‌స్టాబ్’ అనే ఫైలులో వరుసకు ఒకటి చొప్పున రాసి ఉంటుంది. ప్రత్యేకంగా ఏమీ రాయకపోతే, ఆ జాబితాలోని ప్రతి డిస్కూ తప్పనిసరి అనే సిస్టమ్‌డీ భావిస్తుంది. కనిపించని డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోతే అసంపూర్ణమైన స్థితిలో సేవలను ప్రారంభించడం ప్రమాదమని తలచి, మనిషి వచ్చి చూసేదాకా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది. ఈ జాగ్రత్తను తప్పుపట్టలేం. డేటాబేస్ ఉండవలసిన డిస్కు లేకుండానే డేటాబేస్ లేస్తే, ఖాళీ డైరెక్టరీలో కొత్త రికార్డులు రాయడం మొదలుపెట్టే అవకాశం ఉంది. అయితే బ్యాకప్ డిస్కుకూ అంత ప్రాముఖ్యం ఇవ్వవలసిన అవసరం లేదన్న సంగతి మనం చెప్తేనే దానికి తెలుస్తుంది.

చేయవలసిన పని ఇది. ముందు ఆ డిస్కును మళ్లీ తగిలించి రీబూట్ చేయండి. చాలావరకు అంతటితోనే సర్వర్ మామూలుగా లేస్తుంది. డిస్కు అందుబాటులో లేకపోతే, తెర అడుగున అడుగుతున్న రూట్ (నిర్వాహకుడి ఖాతా) పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి, ‘జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ’ కమాండుతో ఈసారి బూట్‌లో నమోదైన వివరాలను చదవండి. ఎఫ్‌స్టాబ్ ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకుని, దానిని ఎడిటర్‌లో తెరిచి, బ్యాకప్ వరుసలోని నాలుగో గడిలో ఇతర ఐచ్ఛికాల పక్కన కామా పెట్టి ‘నోఫెయిల్’ అనే మాటను చేర్చండి. రాయడానికి వీలులేదని సిస్టమ్ అంటే రూట్ ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే తెరిచి ఉన్నట్టు. దానిని రాయడానికి వీలుగా రీమౌంట్ చేసిన తరువాత మార్చాలి. ఉబుంటు వంటి వాటిలో రూట్ ఖాతాకు తాళం వేసి ఉండవచ్చు. అప్పుడు లినక్స్ ఉన్న పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, సర్వర్ డిస్కును మౌంట్ చేసుకుని ఇదే మార్పు చేయాలి. ఆ ఫైలులో ఒక్క అక్షరం తప్పు పడినా మళ్లీ ఇదే గడప దగ్గర ఆగుతుంది కనుక, రీబూట్‌కు ముందు ‘ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై’ కమాండుతో సరిచూసుకోండి.

నోఫెయిల్‌ను బ్యాకప్ డిస్కు వరుసకే పరిమితం చేయండి. ముందుజాగ్రత్త పేరుతో అన్ని వరుసలకూ దానిని తగిలించేవారు ఉన్నారు. రికార్డులున్న డిస్కుకు ఆ మాట చేరిస్తే, ఇంతకుముందు చెప్పిన ఖాళీ డైరెక్టరీ ప్రమాదాన్ని కోరి తెచ్చుకున్నట్టే. ఎఫ్‌స్టాబ్‌లో డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతో రాసి ఉంటే వాటినీ యూయూఐడీలకు (ఫైల్ సిస్టమ్ సొంత గుర్తింపు సంఖ్యలకు) మార్చుకోండి. ఆ పేర్లు డిస్కులు కనబడిన క్రమాన్ని బట్టి మారిపోగలవు, యూయూఐడీ మాత్రం ఆ ఫైల్ సిస్టమ్‌తోనే అంటిపెట్టుకుని ఉంటుంది. టెక్నీషియన్ గారి అనుమానాన్ని కూడా తేల్చుకోవడం మంచిదే కనుక, సర్వర్ లేచిన తరువాత ‘స్మార్ట్‌సీటీఎల్’తో డిస్కు ఆరోగ్య నివేదిక తీయించి, అన్నిటికన్నా ముందు రోగుల రికార్డులకు ఒక కొత్త నకలు తీయించండి.

ప్రశ్న: మా జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులోని సర్వర్‌ను మామూలుగా రీస్టార్ట్ చేస్తే బిల్లింగ్ ప్రోగ్రాము చక్కగా వస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం సర్వర్ దానంతటదే ఆన్ అయినా, బిల్లింగ్ డేటాబేస్ దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. అయిదు నిమిషాల తరువాత చేత్తో స్టార్ట్ చేస్తే మళ్లీ బాగానే నడుస్తుంది. ఎందుకిలా?
– అకౌంటెంట్, పలాస

జవాబు: కరెంటు పోయినప్పుడే జరుగుతుందన్న మీ పరిశీలనలోనే జవాబు ఉంది. సక్రమంగా షట్‌డౌన్ చేసిన డేటాబేస్ క్షణాలలో లేస్తుంది. కరెంటు పోయి ఆగిన డేటాబేస్ అయితే పూర్తికాని లావాదేవీలను తన లాగ్ నుంచి తిరిగి చదివి సరిచేసుకున్న తరువాతే కనెక్షన్లను అనుమతిస్తుంది. పోస్ట్‌గ్రెస్ అయినా, మైఎస్‌క్యూఎల్ అయినా ఇదే పద్ధతి. ఆ కాస్త వ్యవధిలో మీ బిల్లింగ్ ప్రోగ్రాము వచ్చి తలుపు తట్టి, పలికేవారు లేక వెనుదిరుగుతోంది.

పాత ఇనిట్ పద్ధతిలో సేవలు ఒకదాని తరువాత ఒకటి లేచేవి. సిస్టమ్‌డీ మాత్రం ముందూవెనుకా చెప్పని సేవలన్నింటినీ ఒకేసారి లేపుతుంది. మీ బిల్లింగ్ సేవ గురించి సిస్టమ్‌డీకి చెప్పే యూనిట్ ఫైలులో ‘రిక్వైర్స్’ అని డేటాబేస్ పేరు రాసి ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది డేటాబేస్ కావాలని మాత్రమే చెబుతుంది, దాని తరువాత లేవాలని చెప్పదు. క్రమం చెప్పేది ‘ఆఫ్టర్’ అనే వరుస. రెండూ ఉండాలి.

రెండూ ఉన్నా మరొక మెలిక ఉంది. సేవ రకం ‘సింపుల్’ అని ఉంటే, డేటాబేస్ ప్రాసెస్ పుట్టిన మరుక్షణమే అది సిద్ధమైందని సిస్టమ్‌డీ లెక్కవేస్తుంది. ‘నోటిఫై’ అని ఉంటే, తాను సిద్ధమని డేటాబేస్ స్వయంగా కబురు పంపేదాకా ఆగుతుంది. మీకు కావలసింది రెండవది. అయితే అప్పుడు ప్రారంభ గడువును కూడా పెంచాలి, ఎందుకంటే మామూలుగా ఉండే 90 సెకన్లలో రికవరీ పూర్తికాకపోతే, సరిచేసుకుంటున్న డేటాబేస్‌ను సిస్టమ్‌డీ మధ్యలోనే ఆపేస్తుంది. బిల్లింగ్ సేవ విఫలమైతే మళ్లీ ప్రయత్నించమని ‘రీస్టార్ట్’ వరుస రాసేటప్పుడు విరామాన్ని పది సెకన్లకో ఇరవై సెకన్లకో పెట్టండి. ఏమీ రాయకపోతే ఆ విరామం 100 మిల్లీసెకన్లే. 10 సెకన్లలో 5 సార్లు ప్రారంభించాక ఇక ప్రయత్నించకూడదన్న పరిమితి కూడా మామూలుగా ఉంటుంది. తక్షణమే విఫలమయ్యే ప్రోగ్రాము ఆ అయిదు అవకాశాలనూ ఒకటి రెండు సెకన్లలోనే ఖర్చు చేసుకుంటుంది.

ఇంకొక మాట మీ ఊరి పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ తరువాత కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశారో మీకు చెప్పనక్కరలేదు. అటువంటి సమయాలలో కరెంటు ఒక్కసారిగా నిలకడగా రాదు, వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టిన సర్వర్ ప్రతిసారీ లేవబోయి, రికవరీ మధ్యలో మళ్లీ పడిపోతుంది. ఫర్మ్‌వేర్ సెట్టింగులలో కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలో నిర్ణయించే చోటు ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు దానిని ‘ఆఫ్’గా మార్చి, సర్వర్‌ను మీరే సక్రమంగా షట్‌డౌన్ చేసి ఉంచడం నా సలహా. కొన్ని సర్వర్లలో కరెంటు వచ్చిన తరువాత కొంతసేపు ఆగి లేచే ఏర్పాటు కూడా ఉంది. మామూలు రోజుల కోసం, యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కు కలిపి, బ్యాటరీ అడుగంటకముందే సర్వర్ తనంతట తాను షట్‌డౌన్ అయ్యేలా నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అమర్చుకోండి. ముందుగా మీ యూపీఎస్ ఆ సాఫ్ట్‌వేర్ గుర్తించే యూపీఎస్‌ల జాబితాలో ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

ప్రశ్న: విండోస్ సర్వర్ కూడా ఇదే క్రమంలో లేస్తుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: ఫర్మ్‌వేర్ వరకు తేడా లేదు, ఆ పైన పాత్రల పేర్లు మారతాయి. యూఈఎఫ్ఐ నుంచి విండోస్ బూట్ మేనేజర్ పని అందుకుని, బూట్ వివరాలున్న బీసీడీ నిల్వను చదివి, విన్‌లోడ్ అనే లోడర్‌ను పిలుస్తుంది. విన్‌లోడ్ కెర్నెల్‌తోపాటు బూట్‌కు అవసరమైన డ్రైవర్లనూ తానే ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది కనుక అక్కడ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ వంటి మూట అవసరం లేదు. తరువాత సెషన్ మేనేజర్, దాని వెనుక సేవలను లేపే సర్వీస్ కంట్రోల్ మేనేజర్ వస్తాయి. డేటాబేస్ లేవకముందే ప్రోగ్రాము లేచే సమస్య అక్కడా ఉంది. సేవల మధ్య ఆధారాన్ని నిర్దేశించడం, లేదా సేవను ‘ఆటోమేటిక్ – డిలేయ్‌డ్ స్టార్ట్’గా పెట్టడం దానికి మార్గాలు.

ప్రశ్న: పాఠశాలలోని పాత సర్వర్‌ను రోజూ సాయంత్రం మెయిన్ స్విచ్‌తో సహా ఆపేస్తాం. ఉదయం ఆన్ చేస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది, వెబ్‌సైట్లు సర్టిఫికెట్ చెల్లదంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలా?
– కంప్యూటర్ ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

జవాబు: మార్చవలసింది మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీని. చాలా బోర్డులలో అది సీఆర్2032 రకం, 3 వోల్టులది. సర్వర్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. కెర్నెల్ లేవగానే ఆ గడియారాన్ని చూసే సమయాన్ని నిర్ణయించుకుంటుంది. అది పాత తేదీ చూపితే, సర్టిఫికెట్లు ఇంకా అమలులోకి రాలేదని బ్రౌజర్ నిరాకరిస్తుంది. సర్వర్‌ను షట్‌డౌన్ చేసి, పవర్ కేబుల్ తీసేసి, పాత బ్యాటరీ ఏ వైపు పైకి ఉందో చూసుకుని అదే విధంగా కొత్తదాన్ని అమర్చండి. తరువాత ఫర్మ్‌వేర్ సెటప్‌లోకి వెళ్లి తేదీని సరిచేయడంతోపాటు బూట్ వరుసను, డిస్కు కంట్రోలర్ రెయిడ్ పద్ధతిలో ఉందో లేదో కూడా చూసుకోండి. పాత బోర్డులలో బ్యాటరీ పోయినప్పుడు ఆ సెట్టింగులు కూడా మొదటి స్థితికి వెళ్లిపోతుంటాయి. చివరగా ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకునే క్రోనీ సేవను ప్రారంభించి ఉంచితే ఇంటర్నెట్ అందిన వెంటనే గడియారం సరిపడుతుంది.